తమ్ముడితో పందెం, కోపెన్‌హేగన్‌లో ఆరు రోజులు

కోపెన్‌హేగన్ వెళ్లొచ్చానని తెలియగానే రాయ్‌పూర్ శివారులోని మా బీర్‌గావ్‌లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, ఎవరితో వెళ్లావని. ఒక్కదాన్నే అంటే రెండో ప్రశ్న, ఎందుకని. ఆ ఊరు ఎలా ఉందని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పాలనే ఇది రాస్తున్నాను. టికెట్లు, వీసాల గొడవ రాయను. ఆ పాట్లు ఎవరివి వాళ్లు పడాల్సిందే.

రాయ్‌పూర్‌లో: డ్యూటీ చార్టు

నేను నర్సుని. రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. పేరు సుగుణ. మా నాన్న భీమవరం దగ్గరి పల్లె నుంచి రైల్వే వాగన్ షాపులో ఫిట్టరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పెళ్లి చేసుకోలేదు. బీర్‌గావ్‌లో రెండు గదుల ఇల్లు కట్టుకుని ఒక్కదాన్నే ఉంటున్నాను.

ఫిబ్రవరిలో ఒకరోజు బాత్‌రూములో కళ్లు తిరిగి పడ్డాను. మడమ బెణికి లేవలేకపోయాను. మూడు గంటల తర్వాత, చేపలిచ్చి పోదామని వచ్చిన మా తమ్ముడు విక్టర్ తలుపు పగలగొట్టి లేపాడు. వాడు పక్కనే భన్‌పురిలో ఉంటూ అక్కడే ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పని చేస్తాడు. ఆ రోజు నుంచి వాడికి ఒకటే మాట.

"అక్కా, జిద్దు చెయ్యకు. ఈ ఇల్లు కిరాయికి ఇచ్చేసి మా దగ్గరికి వచ్చెయ్. పైగది ఖాళీ చేయించాను."

మరదలు శాంతి కూడా అదే పాట. "మీరొస్తే ఇంట్లో రౌనక్‌గా, సందడిగా ఉంటది వదినా. పిల్లలు రోజూ అడుగుతున్నారు."

ఇద్దరూ మంచివాళ్లు. అదే చిక్కు. చెడ్డవాళ్లకి కుదరదని చెప్పడం తేలిక. నాకు నా గడప కావాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా టీ తాగాలి. డాబా మీద పడే ఉర్లా ఫ్యాక్టరీల మసి తిట్టుకుంటూ తుడుచుకోవడం కూడా నాకు ఇష్టమైన పనే. ఇవన్నీ తమ్ముడికి ఎలా చెప్పను?

ఆ రోజుల్లోనే మా వార్డుకి సాహు గారని ఉర్లా స్టీలు ఫ్యాక్టరీ ఫోర్‌మన్ కాలు విరిగి వచ్చాడు. ఆయన్ని ఒకప్పుడు కంపెనీ వాళ్లు మిషను శిక్షణకి నలభై రోజులు కోపెన్‌హేగన్ పంపారట. ఇరవై రోజులు మంచం మీద పడుకుని నాకు ఆ ఊరి కథే చెప్పాడు. ప్రతిసారీ చివర్లో నిట్టూర్చేవాడు. "వహాఁ కోయీ కిసీ కో పూఛ్‌తా హీ నహీఁ, సిస్టర్." అక్కడ ఎవరూ ఎవరినీ పట్టించుకోరని ఆయన బాధ. నాకు మాత్రం అది స్వర్గం గురించి చెబుతున్నట్టే వినిపించింది. మా వీధిలో కూరగాయల సంచితో బయటికొస్తే చాలు, నాలుగు గడపల నుంచి "కహాఁ జావత్ హవ్ దీదీ?" అని వినబడుతుంది. ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాలి, ఏం కొన్నానో చూపించాలి, ఎంతకి కొన్నానో చెప్పి తిట్లు తినాలి.

ఒక ఆదివారం భోజనాల దగ్గర విక్టర్‌తో అనేశాను. "ఆరు రోజులు పరాయి దేశంలో ఒక్కదాన్నే ఉండి వస్తాను. ఉండగలిగితే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఠీక్ హై," అన్నాడు. "కానీ ఒక్కరి సాయం కూడా అడగకూడదు. దారి అడగొచ్చు, బస్. సాయం అడిగావా, జూన్‌లో సామాను తెచ్చేస్తాను. పక్కా?"

"పక్కా," అన్నాను. శాంతి ఇద్దరికీ పిచ్చి పట్టిందని కంచాలు తీసుకుని లోపలికి పోయింది.

ప్రయాణాన్ని నాకు తెలిసిన పద్ధతిలోనే సిద్ధం చేశాను. రూళ్ల నోటుబుక్కులో డ్యూటీ చార్టు గీశాను. ఆరు రోజులు, రోజుకి మూడు గళ్లు: మార్నింగ్, ఈవెనింగ్, నైట్. ఒక్కో గడిలో చూడాల్సినవి, తినాల్సినవి, వేసుకోవాల్సిన మందు. గ్యాసు, మొక్కలు, పాలవాడు, కరెంటు బిల్లు అని ఇంటికి కూడా ఒక హ్యాండోవర్ కాగితం రాసి ఫ్రిజ్‌కి అంటించాను. డ్యూటీ మారేటప్పుడు తర్వాత వచ్చే సిస్టర్‌కి రాసిచ్చే కాగితం అది. అంటించాక గుర్తొచ్చింది, మా ఇంట్లో తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్లెవరూ లేరని. అయినా తీయలేదు.

గురువారం: డ్రైవరు లేని రైలు

ఏప్రిల్ చివరి వారం. రాయ్‌పూర్‌లో తారు మెత్తబడుతున్న ఎండల్లో బయల్దేరి ఎనిమిది డిగ్రీల చలిలో దిగాను. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి మెట్రో ఎక్కాను. జనం తక్కువగా ఉన్నారని మొదటి పెట్టెలోకి వెళ్తే, ఇంజను ఉండాల్సిన చోట పెద్ద అద్దం, దాని ముందు రెండు సీట్లు. డ్రైవరు లేడు. ఒక సీట్లో నాలుగేళ్ల పాప కూర్చుని లేని స్టీరింగు తిప్పుతోంది. రెండో సీట్లో నేను కూర్చున్నాను. పట్టాలు మా కాళ్ల కిందికి దూసుకొస్తుంటే, రైలు ఏదైనా దాన్ని నడిపే మనిషి పేరు తెలుసుకోకుండా ఎక్కని మా నాన్న గుర్తొచ్చాడు. ఈ రైలు ఆయన ఎక్కేవాడు కాదు.

గది అద్దెకిచ్చినావిడ నాకు కనబడనే లేదు. గుమ్మం పక్కన అంకెల పెట్టె, అందులో తాళం చెవి, బల్ల మీద ఒక చీటీ. అంతే. తిన్నావా అని అడిగినవాళ్లు లేరు, ప్రయాణం ఎలా జరిగిందన్నవాళ్లు లేరు. మంచం మీద వెల్లకిలా పడుకుని గట్టిగా నవ్వుకున్నాను.

సాయంత్రం తిరగడానికి వెళ్లి అరగంటలో నాలుగుసార్లు సైకిలు బెల్లు కొట్టించుకున్నాను. అక్కడ రోడ్డుకీ కాలిబాటకీ మధ్య సైకిళ్లకి వేరే బాట ఉంటుంది. రాయ్‌పూర్‌లో రోడ్డు మీద ఏ మూల నిలబడినా మన ఇష్టం కదా, ఆ అలవాటుతో నేను సరిగ్గా ఆ బాట మీదే నిలబడి మ్యాపు చూసుకుంటున్నాను. ఎవరూ తిట్టలేదు. బెల్లు కొట్టారు, పక్కనుంచి పోయారు. కోటు వేసుకున్న ముసలాయనలు, చంటిపిల్లల తల్లులు, టై కట్టుకున్న ఆఫీసర్లు, అందరూ సైకిళ్ల మీదే. మా దగ్గర నాలుగు డబ్బులు రాగానే ముందు వదిలించుకునే బండి అది.

నా చార్టులో 'నైట్' గడి రాత్రి ఏడింటికి మొదలవుతుంది. అక్కడ ఎనిమిది దాటినా వెలుతురే. మొదటి రోజే నా చార్టు తప్పింది.

శుక్రవారం: కాపలా

ఒక బేకరీలో దాల్చినచెక్క వేసి చుట్టిన రొట్టె, కాఫీ కలిపి ఎనభై క్రోనర్లు అయ్యాయి. క్రోనరుని రూపాయల్లోకి మార్చకూడదని సాహు గారు హెచ్చరించారు. మార్చాను. దాదాపు వెయ్యి. మా చౌరస్తాలో ఆ డబ్బుకి వార్డు మొత్తానికి పోహా-జలేబీ వస్తుంది. వెయ్యి రూపాయల టిఫిను కాబట్టి ముక్క కూడా మిగల్చకుండా, చాలా నెమ్మదిగా తిన్నాను.

బయటికొచ్చేసరికి కిటికీ పక్కన ఒక పిల్లల బండి ఉంది. తొంగి చూస్తే లోపల ఆరేడు నెలల పసివాడు, బుగ్గలు ఎర్రగా, గాఢ నిద్రలో. చుట్టూ ఎవరూ లేరు. గాలి కోస్తోంది. వదిలేసి పోయారనే అనుకున్నాను. అలాంటి పిల్లల్ని మా ఆసుపత్రిలో చూశాను కాబట్టి నా బుర్ర ఇంకో దారిలో పోలేదు. అలాగే నిలబడ్డాను. ఊపిరి లెక్కపెట్టాను, బాగానే ఉంది. చెయ్యి ముట్టుకున్నాను, వెచ్చగా ఉంది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఎవరినైనా అడుగుదామంటే, అది సాయం కిందికి వస్తుందా రాదా అని ఒక పక్క ఆలోచన. పందెం మనిషి బుర్రని ఎలా పాడు చేస్తుందో అప్పుడు అర్థమైంది.

బేకరీ లోపలి నుంచి ఒకమ్మాయి కాఫీ కప్పుతో వచ్చింది. నన్ను చూసి నవ్వి, "మీరు ఎవరికోసం ఎదురు చూస్తున్నారు?" అంది.

"ఈ బాబు వాళ్లమ్మ కోసం."

"నేనే. ఇందాకటి నుంచి కిటికీలోంచి మిమ్మల్ని చూస్తున్నాను. వాణ్ణి ముద్దు చేస్తున్నారనుకున్నాను."

అక్కడ పిల్లల్ని బయట చల్లగాలిలోనే నిద్రపుచ్చుతారట. ఆరోగ్యమట. ఆ అమ్మాయిని కూడా వాళ్లమ్మ అలాగే పెంచిందట. నేను నర్సునని, మా దగ్గర చంటిబిడ్డని ఏప్రిల్‌లో కూడా టోపీ పెట్టి తలుపులు మూస్తారని చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు నవ్వి, "మరి గాలెలా పీలుస్తారు?" అని నిజంగానే అడిగింది.

శనివారం: తియ్యటి చేప

కాలవ పక్కన రంగురంగుల ఇళ్లు, వాటి ముందు పడవలు. ఫోటోల్లో చూసిందంతా ఉన్నది ఉన్నట్టే ఉంది. తీసి విక్టర్‌కి పంపాను. రోజుకొక ఫోటో పంపాలని వాడి ఇంకో షరతు.

మధ్యాహ్నం నల్లటి రొట్టె మీద చేపముక్కలు పరిచి ఇచ్చే తిండి తిన్నాను. హెర్రింగ్ అనే చేపని వాళ్లు ఊరబెడతారు. ఊరబెట్టిన చేపంటే మా అమ్మ పెట్టిన చేపల పచ్చడి అనుకుని నోరూరించుకుని పెద్ద ముక్క పెట్టుకున్నాను. తియ్యగా ఉంది. చేపలో చక్కెర వేశారు. భీమవరం రక్తం ఉన్నవాళ్లకి అది చిన్న అవమానం కాదు. సంచిలోంచి మా మరదలు కట్టిచ్చిన కారప్పొడి తీసి బల్ల కింద నుంచి రహస్యంగా చల్లుకున్నాను. అప్పుడు బాగుంది. నల్ల రొట్టె మాత్రం భలే నచ్చింది. పుల్లగా, బరువుగా, తిన్నాక సాయంత్రం దాకా ఆకలి వేయదు. ఎండాకాలంలో ఛత్తీస్‌గఢ్ వాళ్లు తినే చద్దన్నం, బోరే బాసి, అలాగే కష్టం చేసేవాళ్ల కడుపు ఎరిగిన తిండి.

ఆ సాయంత్రం ఒక దుకాణంలో పాలు కొని "థాంక్యూ" అంటే నా గొంతు బొంగురుగా వచ్చింది. ఆ రోజంతా నేను మాట్లాడిన మొదటి మాట అది. తిండి దగ్గర కూడా వేలు చూపించి, కార్డు పెట్టి ఊరుకున్నాను. ఎవరూ ఎవరినీ పట్టించుకోని ఊరు కావాలన్నది నేనే. దొరికింది కూడా. నిజం చెప్పాలంటే ఆ రాత్రి గదిలో బాత్‌రూము తలుపుకి గడియ పెట్టబుద్ధి కాలేదు. ఇక్కడ పడితే ఎన్ని గంటలకి తెలుస్తుంది? గదావిడ చీటీ రాసి పెట్టే మనిషి. మంగళవారం దాకా ఎవరూ రారు. విక్టర్‌కి మాత్రం "అంతా బాగుంది" అని రాసి పడుకున్నాను.

ఆదివారం: గుడిమెట్టు

ఆదివారం గుడి మానడం నా వల్ల కాదు. గదికి అరగంట నడక దూరంలో ఎర్ర ఇటుకల చర్చి ఒకటి చూసి పెట్టుకున్నాను. ఆరాధన పదింటికి. రైల్వే ఇంట్లో పెరిగినవాళ్లం ఎక్కడికైనా అరగంట ముందే చేరతాం. తొమ్మిదిన్నరకే వెళ్లాను. తలుపు తీసి ఉంది, మనిషి లేడు. మెట్టు మీద బూట్లు విప్పి, పక్కపక్కన సర్ది, దుపట్టా తల మీదికి లాక్కుని లోపలికి వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. తెలుగు చర్చిలో చెప్పులతో అడుగు పెట్టం కదా. ఆ పని చెయ్యాలని నేను అనుకోలేదు కూడా, కాళ్లే చేసేశాయి.

జనం వచ్చారు, పాతికమంది ఉంటారు. టకటకమని చప్పుడు వినబడితే వెనక్కి తిరిగి చూశాను. అందరి కాళ్లకీ బూట్లున్నాయి. పాదాలు బెంచీ కిందికి లాక్కున్నాను. భాష ఒక్క ముక్క తెలియలేదు గాని, పరలోక ప్రార్థన దగ్గర ఎక్కడ ఊపిరి పీలుస్తారో అదే చోట నేనూ పీల్చాను. పక్కనున్నవాళ్ల డేనిష్‌తో పాటు నా తెలుగు కూడా 'ఆమెన్'కి సరిగ్గా చేరింది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి మేజోళ్లతోనే ముందుకు నడిచాను. గులాబీ రంగు మేజోళ్లు. ఒకరిద్దరు చూశారు, ఎవరూ ఏమీ అనలేదు.

బయటికొస్తే మెట్టు ఖాళీగా ఉంది. బూట్లు లేవు.

మెట్ల పక్కన, పొదల వెనక, తలుపు వెనక వెతికాను. వాన మొదలైంది. రాయ్‌పూర్‌లో అయితే ఈపాటికి గుడి మొత్తం నా బూట్లు వెతుకుతూ ఉండేది, దొంగ ఎవరన్న దాని మీద రెండు వర్గాలు కూడా తయారయ్యేవి. ఇక్కడ నేను అడిగితేనే. నాకున్నవి అవే బూట్లు, గదిలో స్నానం చెప్పులు తప్ప. సరే, అరగంట నడకే కదా అనుకున్నాను. మేజోళ్లతోనే గేటు దాటాను. ఇరవై అడుగులు వేసేసరికి నీళ్లు ఎముకల్లోకి పాకాయి, బెణికిన మడమ జివ్వుమంది. గోడ పట్టుకుని ఆగిపోయాను. యాభై మూడేళ్ల మనిషిని, తమ్ముడి మీద గెలవడానికి పరాయి ఊళ్లో వానలో బూట్లు లేకుండా నిలబడ్డాను. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

వెనక్కి తిరిగాను. చర్చి తలుపు దగ్గర తెల్లజుట్టు పొడవాటి ముసలావిడ పాటల పుస్తకాలు సర్దుతోంది. ఆమె దగ్గరికి వెళ్లి అన్నాను. "నాకు సాయం కావాలి."

ఆమె నా కాళ్లు చూసింది. తర్వాత మెట్టు చూసింది. ముఖం తెల్లబోయింది.

"ఆ బూట్లు మీవా? ఇక్కడ సర్ది ఉన్నవి?"

"అవును."

"నేనే తీశాను," అంది. గేటు పక్కన ఒక చెక్క అర ఉంది. వాడని బట్టలు, వస్తువులు అక్కడ పెడితే కావలసినవాళ్లు తీసుకుపోతారు. ఎవరో బద్ధకించి బూట్లు మెట్టు మీదే వదిలేశారనుకుని ఆమె వాటిని ఆ అరలో పెట్టింది. ఇద్దరం వెళ్లి చూశాం. ఎవరో పట్టుకుపోయారు. "యాభై ఏళ్లుగా ఈ చర్చికి వస్తున్నాను. ఇక్కడ మొదటి దొంగని నేనే," అంది ఆమె. మా దగ్గర చెప్పులు విప్పే గుడిలోకి వెళ్తామని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మీ పద్ధతే బాగుంది," అంది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "రండి, మా ఇంటికి పోదాం," అంది.

ఆమె పేరు ఇంగర్. డెబ్బై ఆరేళ్లు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైంది. ఆమె సైకిలుకి మూడు చక్రాలు, ముందు పెద్ద చెక్కపెట్టె. అక్కడ అందులో పిల్లల్ని, కూరగాయల్ని వేసుకుని తిప్పుతారు. నన్ను అందులో ఎక్కమంది. నేను వద్దన్నాను. "నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి, మీకు బూట్లు లేవు," అంది. ఎక్కాను. రిక్షాలో మనం వెనక కూర్చుంటాం, తొక్కేవాడి వీపు కనబడుతుంది. ఇందులో నేనే ముందు, ఊరంతా నా మొహం చూస్తోంది. తల మీద దుపట్టా, ఒళ్లో ఆమె పాటల పుస్తకాల సంచి, పెట్టె అంచు మీద గులాబీ మేజోళ్ల కాళ్లు. సిగ్నలు దగ్గర నా ఎత్తులోనే ఇంకో పెట్టెలో రెండేళ్ల పిల్లాడు నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అప్పటికి ఏడుపు పోయి నవ్వొస్తోంది.

ఇంగర్ వంటగది

నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఇంగర్ నా మేజోళ్లు హీటరు మీద ఆరేసి, కాఫీ, నల్ల రొట్టె, జున్ను పెట్టింది. నేను ఆంటీ అని పిలుస్తుంటే అదేమిటని అడిగింది. పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవడానికి మాకు నోరు రాదన్నాను.

"మా దగ్గర రాణిగారిని తప్ప అందర్నీ పేరుతోనే పిలుస్తాం. ఇంగర్ అనండి."

"ఇంగర్ ఆంటీ," అన్నాను. అంతకన్నా తగ్గలేకపోయాను.

పందెం సంగతి చెప్పాను. సాయం అడిగాను కాబట్టి ఓడిపోయానని, జూన్‌లో ఇల్లు వదిలేయాలని కూడా చెప్పాను. ఆమె జున్ను కోస్తున్న చెయ్యి ఆపింది.

"ఎవరి సాయం లేకుండానా? నేను ఇరవై ఏళ్లుగా ఒంటరిగా ఉంటున్నాను. సాయం లేకుండా ఒక్క రోజు కూడా ఉండలేదు. ఆ పందెం వేసినవాళ్లకి ఒంటరిగా ఉండటం అంటే ఏమిటో తెలియదు."

"వేసింది మేమిద్దరం."

"అయితే మీ ఇద్దరికీ తెలియదు," అంది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఆ రోజు పడ్డప్పుడు భయమేసిందా?"

ఆ మాట నన్నెవరూ అడగలేదు. అందరూ ఎలా పడ్డావు, బీపీ ఎంత, గడియ ఎందుకు పెట్టావు అన్నారు. "చాలా భయమేసింది," అన్నాను. అరిచి అరిచి గొంతు పోయిందని, చివరి గంటలో అరవడం కూడా మానేశానని చెప్పాను. విక్టర్‌కి ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఇల్లు పోతుందని దాచాను.

వంటగది గోడ మీద ఒక కాగితం ఉంది. ఐదు పేర్లు, ఐదు నంబర్లు, ఒకదాని నుంచి ఒకదానికి బాణాలు. నర్సుల డ్యూటీ రూములో ఉండే కాగితం లాగే ఉందని అడిగాను. ఐదుగురూ ఆ చుట్టుపక్కల ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. పొద్దున ఎనిమిదింటికి మొదటివాళ్లు రెండోవాళ్లకి ఫోను చేస్తారు, రెండోవాళ్లు మూడోవాళ్లకి, అలా తిరిగి చివరివాళ్లు మొదటివాళ్లకి. లేచావా, లేచాను. అంతే. కబుర్లు చెప్పకూడదు, చెబితే గొలుసు ఆలస్యమవుతుంది. ఎత్తకపోతే ఇంకోసారి చేస్తారు. అప్పటికీ ఎత్తకపోతే తాళం చెవి ఉన్న మనిషి వెళ్తుంది.

"రెండేళ్ల కింద ఈ నాలుగో ఆయన ఎత్తలేదు. పక్షవాతం. అరగంటలో ఆసుపత్రిలో ఉన్నాడు," అంది ఇంగర్. "ఇప్పుడు మళ్లీ నాలుగో నంబరు ఆయనదే. మాట కొంచెం ముద్దగా వస్తుంది, అంతే."

పక్షవాతంలో అరగంట అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇంటి ఫ్రిజ్ మీది కాగితంలో గ్యాసు, మొక్కలు, పాలవాడు అన్నీ రాశాను. నన్ను రాయలేదు.

వెళ్లేటప్పుడు ఇంగర్ నా ఫోను నంబరు రాసుకుని, తన మనవరాలి పసుపు రబ్బరు బూట్లు ఇచ్చింది. ఆమెవి నాకు పడవల్లా ఉన్నాయి. మనవరాలికి పన్నెండేళ్లు. ఆ పిల్ల బూట్లు నాకు సరిగ్గా సరిపోయాయి.

సోమవారం, మంగళవారం

సోమవారం పొద్దున ఎనిమిదీ పదికి నా ఫోను మోగింది.

"లేచారా?" అంది ఇంగర్.

"లేచాను, ఇంగర్ ఆంటీ."

"మంచిది," అని పెట్టేసింది. అడగకుండానే నన్ను గొలుసులో కలిపింది. చెప్పొద్దూ, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు పసుపు బూట్లతో రాజుగారి తోటంతా తిరిగాను. చెర్రీ పూలు రాలి దారి కనబడటం లేదు. ఒక బెంచీ మీద ముసలాయన పక్కన కూర్చుని రొట్టె తిన్నాను, ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు, ఇద్దరికీ బాగానే ఉంది. బాత్‌రూము గడియ ఆ రాత్రి నిశ్చింతగా పెట్టుకున్నాను. మంగళవారం పొద్దున కూడా ఫోను మోగింది. అది అయ్యాకే విమానానికి బయల్దేరాను.

రాయ్‌పూర్ విమానాశ్రయం

విక్టర్ ముందు నన్ను కాదు, నా కాళ్లని చూశాడు. నలభై రెండు డిగ్రీల ఎండలో పసుపు రబ్బరు బూట్లు వేసుకుని బయటికి వచ్చే మనిషి ఇంకెవరూ లేరు.

"అరే, ఇవేంటక్కా? నీ బూట్లేవి?"

కొన్నానని చెప్పొచ్చు. దారి పొడుగునా అదే చెబుదామనుకున్నాను. కారులో కూర్చున్నాక మొత్తం చెప్పేశాను. సాయం కావాలని నోటితో అడిగానని కూడా చెప్పాను. వాడు గేరు మార్చడం మరిచి మూడు సిగ్నళ్లు దాటాడు.

"మత్లబ్, ఓడిపోయావు," అన్నాడు.

"ఓడిపోయాను. ఇంకో మాట కూడా వినరా. ఆ రోజు నాకు చాలా భయమేసింది. నువ్వు వచ్చేసరికి అరిచే ఓపిక కూడా లేదు. నీకు చెప్పలేదు."

వాడు బండి పక్కకి ఆపాడు. లారీలు పోతున్నాయి. "నాకు తెలుసులే," అన్నాడు. "నీ గొంతు రెండు రోజులు రాలేదు కదా."

గొలుసు సంగతి చెప్పి, ఒక నెల ఇమ్మన్నాను. అప్పటికీ నీకు నమ్మకం కుదరకపోతే నా సామాను నేనే కట్టుకుంటానన్నాను. వాడు ఒప్పుకున్నాడని చెప్పలేను. కాదనలేదు.

బీర్‌గావ్‌లో

గొలుసుకి నలుగురం దొరికాం. నేను, వెనక వీధి సుఖ్‌వంతిన్ బాయి, నాన్నతో పని చేసిన రిటైర్డ్ ఫిట్టరు అప్పారావు గారు, మా ఆసుపత్రిలోనే చేసి మానేసిన థెరిసా సిస్టర్. పొద్దున ఆరింటికి మొదలు. కబుర్లు చెప్పకూడదన్న షరతు మా వాళ్ల దగ్గర నిలవలేదు. సుఖ్‌వంతిన్ బాయి ముందు రాత్రి ఏం వండిందో చెప్పనిదే ఫోను పెట్టదు. అందుకని పావుగంట ముందే మొదలుపెడుతున్నాం. ఒకరింటి తాళం చెవి ఒకరి దగ్గర ఉంది. నాది ఆమె దగ్గర.

మూడో వారంలో ఒకరోజు నైట్ డ్యూటీ నుంచి తొందరగా వచ్చి, వేడికి తట్టుకోలేక తలస్నానానికి వెళ్లాను. కుళాయి చప్పుడులో ఫోను వినబడలేదు. ఒకసారి, రెండోసారి. అప్పారావు గారు సుఖ్‌వంతిన్ బాయికి చేశారు, ఆమె మా తమ్ముడికి చేసింది. నేను తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి నా వాకిట్లో ఆమె పిండి చేతులతో, చేతిలో నా తాళం చెవితో నిలబడి ఉంది. వెనకాలే విక్టర్ స్కూటరు దిగుతున్నాడు. కాళ్లకి చెప్పులు కూడా లేవు.

"స్నానం చేస్తున్నానురా," అన్నాను.

వాడు తిడతాడని సిద్ధపడ్డాను. తిట్టలేదు. గడప మీద కూర్చుని అప్పారావు గారి మొదటి ఫోను ఎప్పుడొచ్చిందో నన్ను చూడమన్నాడు, సుఖ్‌వంతిన్ బాయిని ఎప్పుడొచ్చావని అడిగాడు. వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"తొమ్మిది నిమిషాలు," అన్నాడు.

ఫిబ్రవరిలో మూడు గంటలు పట్టింది. వాడు మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.

"ఠీక్ హై అక్కా," అన్నాడు. "నువ్వు ఇక్కడే ఉండు."

టీ పెడతానంటే వద్దన్నాడు. ఇంట్లో శాంతి కంగారు పడుతూ ఉంటుందని స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయాడు.